పదకొండు మంది మనవళ్ల ఎర్ర సైకిలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. డిపోలో నా పేరు ‘హారన్’. అయితే ఆ రోజు పరీక్ష గదిలో జరిగినదానికి ఎంత శాంతమూర్తికైనా ఒళ్లు మండేది.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మాటలు రికార్డు చేసే చిన్న పెట్టె. ఎదురుగా సన్న కళ్లద్దాల పరీక్షాధికారి. నా చేతికిచ్చిన కార్డులో ‘ఒక సైకిలు గురించి రెండు నిమిషాలు మాట్లాడండి’ అని ఉంది. ఆనందం పట్టలేకపోయాను. అది నాకు కంఠతా వచ్చు. గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాను. నా పదో పుట్టినరోజున మా తాతయ్య నాకు ఎర్ర సైకిలు కొనిచ్చాడు, దాని మీద కూర్చుంటే గాలి నా జుట్టుతో ఆడుకునేది, సైకిలు పర్యావరణానికి మిత్రుడు...

ఆయన కలం కింద పెట్టాడు. కోపంగా కూడా లేడు, అలసిపోయినట్టున్నాడు.

“మేడమ్, ఆ తాతయ్య పొద్దుటినుంచి పదిమందికి ఎర్ర సైకిళ్లు కొనిచ్చాడు. మీరు పదకొండో మనవరాలు. చాలా ధారాళమైన మనిషి” అన్నాడు ఇంగ్లీషులో. నా ఖర్మ కొద్దీ ఆ మాటల్లో ప్రతి ఒక్కటీ నాకు అర్థమైంది.

తొమ్మిదికి అయిదు వచ్చాయి. నాకు కావలసింది ఆరు.

ఎందుకు కావాలో చెప్తాను. మా డిపోకి ఎయిర్‌పోర్టు రూటు కోసం కరెంటు బస్సులు వచ్చాయి. పొడవుగా, తెల్లగా, పక్కనుంచి వెళ్లినా తెలియనంత నిశ్శబ్దంగా. పదేళ్లుగా నేను నడుపుతున్న బస్సు గేరు మార్చినప్పుడల్లా దగ్గుతుంది. మొదటిరోజే ఒకసారి చూస్తానని కొత్తబస్సు ఎక్కి స్టీరింగు మీద చేతులు పెట్టాను. దిగమని మెకానిక్కు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. ఆ బస్సులకి ఆరుగురు డ్రైవర్లు కావాలి. ప్రయాణికుల్లో పైదేశాల వాళ్లుంటారు కాబట్టి ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో ఆరు తెచ్చుకోవాలి, మూడే మూడు అవకాశాలు. మొదటిసారి నాలుగున్నర, రెండోసారి అయిదు. ఇంక మిగిలింది ఒక్కటి, ఇరవై నాలుగు రోజుల్లో. అదీ పోతే ఆ సీట్లో ఇంకెవరో కూర్చుంటారు, నేను దగ్గే బస్సులోంచి చూస్తూ రిటైరవ్వాలి. అది తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

తాతయ్యని మాకు అంటగట్టింది మా కోచింగ్ మాస్టారు. జెరాక్సు కొట్టు పైన రెండు గదుల్లో క్లాసులు చెప్తారు. ప్రతి ప్రశ్నకీ ఒక జవాబు రాసి, దాన్ని కింద కొట్టులోనే కాపీలు తీయించి పంచుతారు. ఆ సాయంత్రం పదకొండుమందిమీ మూకుమ్మడిగా మెట్లెక్కాం. ముందు నేనే ఉన్నానని వేరే చెప్పక్కర్లేదు.

మాస్టారు అంతా విని, కళ్లు మూసుకుని, పెద్దమనసుతో ఒప్పుకున్నారు. “తప్పు నాదేనమ్మా.”

మేమందరం చల్లబడ్డాం.

“రంగులు మార్చాల్సింది” అన్నారు.

వెంటనే పుస్తకం తెరిచి పంపకం మొదలుపెట్టారు. “నువ్వు నీలం, మేనమామ. నువ్వు నలుపు, పెద్దన్నయ్య. నువ్వు మేనత్త, ఆకుపచ్చ రాసుకో.” ఆ చివరిది నేనే. వెనకనుంచి మా క్లాసులో ఉన్న టైలరు పసుపు అడిగాడు. పసుపు ముందే అయిపోయిందట.

“మాస్టారూ, ఇంకో సందేహం. రోజూ పనికి ఎలా వెళ్తారంటే, కారులో ఆఫీసుకి వెళ్తాను, సుఖంగా ఉంటుంది అని రాశారు. నేను బస్సు డ్రైవర్ని కదండీ?” అన్నాను.

“అది బయట. పరీక్షలో కాదు” అన్నారు ఆయన.

నాకు మేనత్తలు లేరు. అయినా సరే, ఆకుపచ్చ సైకిలు రాసుకుని ఇంటికొచ్చాను. మునిగిపోతున్నప్పుడు ఆసరా ఏ రంగులో ఉందని చూస్తామా?

మా ఇంటి కింది గది సైకిలు షాపు. నడిపేది మా అత్తయ్య. మామయ్య పోయాక అమ్మేద్దామని మా ఆయన అంటే, “నీ ఉద్యోగం నువ్వు చేసుకో నాయనా” అని స్పానరు తీసుకుని కూర్చున్న మనిషి. అరవై మూడేళ్లు. పంక్చరు వేసే తొట్టి ముందు చిన్న పీట, పక్కన గాలిపంపు, గోడకి రిమ్ములు. ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. సైకిలు తెచ్చినవాళ్లు దాని కథంతా సొంతంగా చెప్పేదాకా ముట్టుకోదు.

నేను వెళ్లేసరికి ఒక బ్యాంకు గుమాస్తా చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

“బ్రేకు పాడైందండీ.”

“పాడవడం నాకూ కనిపిస్తోంది. ఎప్పట్నించి?”

“నిన్నట్నించి.”

“నిన్న ఎక్కడ తొక్కావు?”

“మామూలుగానే ఇంటికి...”

“మామూలుగా తొక్కితే రిమ్ము ఇలా వంగదు. ఎవర్నెక్కించుకున్నావు?”

అతను నీళ్లు నమిలి, చివరికి ఒప్పుకున్నాడు. బావమరిదిని క్యారియరు మీద ఎక్కించుకుని ఫ్లైఓవరు దిగాడట. బావమరిది భారీ మనిషట. మధ్యలో కీచుమని చప్పుడు వచ్చిందట. ఆ చప్పుడు ఎలా ఉందో కూడా చేసి చూపించాక అప్పుడు అత్తయ్య స్పానరు అందుకుంది.

అతను వెళ్లాక నేను స్టూలు మీద కూర్చుని ఆకుపచ్చ సైకిలు గడగడా అప్పజెప్పడం మొదలుపెట్టాను. అత్తయ్య ట్యూబు నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తోంది. తలెత్తకుండానే అంది.

“అమ్మాయ్, ఎందుకలా అబద్ధాలు చెప్తున్నావు?”

“అత్తయ్యా! మీకు ఇంగ్లీషు రాదు కదా!”

“రాదు. నీ చేతులు చూశాను. రెండూ ఒళ్లో చచ్చిపడి ఉన్నాయి. నిజం చెప్పేటప్పుడు నువ్వు చేతులు ఊరికే ఉంచే మనిషివా? మొన్న నీ బస్సుకి వ్యాను అడ్డొచ్చిందన్నావే, అది చెప్పు.”

“దానికీ పరీక్షకీ ఏం సంబంధం అత్తయ్యా?”

“చెప్పమంటున్నానా?”

చెప్పాను. ఆ వ్యాను వాడు సందులోంచి ఎలా దూసుకొచ్చాడో, నేను ఎలా బ్రేకు తొక్కానో, వెనక సీట్లో పెద్దాయన టోపీ ముందు సీట్లో ఆవిడ ఒళ్లో ఎలా పడిందో. స్టీరింగు తిప్పుతూ చెయ్యి ఎంత దూరం విసిరానంటే పంక్చరు తొట్టి బోర్లాపడింది. అత్తయ్య కాళ్లు తడిసిపోయాయి.

ఆవిడ కదల్లేదు. “ఇది నిజం. ఇప్పుడిదే ఇంగ్లీషులో చెప్పు.”

మొదలుపెట్టాను. మాటలు వెతుక్కున్నాను, రెండుచోట్ల ఆగిపోయాను. కానీ ఆగినచోట చేతులు సాయమొచ్చాయి, చేతుల వెనకే మాట వచ్చింది. టోపీ ఎగిరే చోటుకొచ్చేసరికి నేను నిలబడి ఉన్నాను. రెండేళ్లుగా ఇంగ్లీషు మాట్లాడుతున్నానని అనుకుంటున్నాను గానీ, అదే మొదటిసారి మాట్లాడటం!

“ఊఁ. ఇప్పుడు సైకిలు గురించి చెప్పు. మేనత్తా గీనత్తా వద్దు. నువ్వు తొక్కిన సైకిలు.”

నేను మళ్లీ స్టూలు మీద కూలబడ్డాను.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. పదకొండేళ్ల కిందట పెళ్లి మాటలప్పుడు అత్తయ్య నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. “సైకిలు తొక్కడం వచ్చా అమ్మా?” సైకిలు షాపువాళ్ల సంబంధం, రాదంటే ఏమనుకుంటారోనని వచ్చండీ అన్నాను. అప్పట్నించి ఎవరైనా తొక్కమంటే మోకాలు నొప్పి అనేదాన్ని. నలభై సీట్ల బస్సు సందుల్లో తిప్పే మనిషికి సైకిలు రాదు. డిపోలో తెలిస్తే హారన్ అనే పేరు ఎంతో మర్యాదగా ఉందనిపించే పేరు ఇంకోటి పెట్టేవాళ్లు.

“రాదత్తయ్యా” అన్నాను. తల కొట్టేసినట్టయింది. “నాకు సైకిలు రాదు. అప్పుడు అబద్ధం చెప్పాను.”

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“మీ పెళ్లైన మూడోరోజు నించి. ఆ మూల సైకిలు ఇవతలికి తెమ్మంటే కుడివైపు నిలబడి నడిపించుకొచ్చావు. తొక్కడం వచ్చినవాళ్లు చైను లేని వైపు నడుస్తారు. నీ బట్టలకంతా చైను మసి.”

“మరి ఒక్కమాట అనలేదేం?”

“నువ్వు చెప్తావని చూశాను. సైకిలు కథ సైకిలు తెచ్చినవాళ్లే చెప్పాలి” అని అత్తయ్య తొట్టిలో మళ్లీ నీళ్లు నింపుకుంది. “రాదని చెప్పుకో పరీక్షలో. అదీ జవాబే.”

“రాదని ఎందుకు చెప్పుకుంటాను? నేర్పండి!” అన్నాను. అరిచాను అంటే సరిగ్గా ఉంటుంది.

మర్నాడు తెల్లవారగానే, డ్యూటీకి వెళ్లేముందు, షాపు వెనక సందులో మొదలైంది. అత్తయ్య సీటు దించిన పాత సైకిలు తెచ్చింది, పెడళ్లు ఊడదీసి. మొదట కాళ్లతో నేల తోసుకుంటూ జారడం నేర్చుకోవాలట. ఒక పెద్దమనిషి కిటికీలోంచి చూసి, “డ్రైవరమ్మా, లైసెన్సు ఉందా?” అన్నాడు. వెంటనే నా సహజమైన హారన్ మోగించాను. కిటికీ మూసుకుంది.

నాలుగోరోజు పెడళ్లు బిగించింది. నాలుగోరోజే గోడని గుద్దాను. అయిదోరోజు పాలవాడి క్యాన్ల మీద పడ్డాను. ఏడోరోజు మోకాలు చీరుకుపోయింది, ఇంక మోకాలు నొప్పి అనడానికి కారణం నిజంగానే దొరికింది. పడ్డ ప్రతిసారీ అత్తయ్య లేవదీయడానికి రాదు. సందు మొదట్లోనే నిలబడి బ్యాంకు గుమాస్తాని అడిగినట్టే అడుగుతుంది.

“ఏ వైపు పడ్డావు? ముందు ఏం తగిలింది? పడేముందు ఎటు చూశావు? ఇంగ్లీషులో చెప్పు.”

నేను నేలమీద కూర్చునే చెప్పేదాన్ని. మొదటిసారి ‘పడ్డాను, గోడ’ అన్నంత వరకే వచ్చింది. అత్తయ్య నా చేతులు చూసి, “ఇంకా ఉంది. మింగేశావు” అనేది. మళ్లీ మొదలు. పదోరోజుకి ఒక్క పడిపోవడాన్ని మూడు నిమిషాలు చెప్పగలిగాను. గోడ వైపు చూస్తే చక్రం గోడ వైపే వెళ్తుందని, బస్సులో పదేళ్లుగా తెలిసిన సంగతే సైకిలు మీద మర్చిపోయానని, బస్సులో నాకు భయం లేదు, ఇక్కడ భయం ఉందని. ఆ చివరి మాట తెలుగులో కూడా ఎవరితోనూ చెప్పలేదు నేను.

పదహారోరోజు సందు ఈ చివరనించి ఆ చివరకి పడకుండా వెళ్లాను. నేను పెట్టిన కేకకి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. మలుపు తిరగడం ఇంకా రాదు కాబట్టి దిగి, సైకిలు నడిపించుకుంటూ వచ్చాను. చైను లేని వైపు నడిచాను. అత్తయ్య అది చూసింది. షాపులోకి వెళ్లేటప్పుడు స్పానరుతో గోడమీది రిమ్ములన్నిటినీ టంగుటంగుమని వాయించుకుంటూ వెళ్లింది.

పరీక్షరోజు హాల్లో మావాళ్లందరూ ఉన్నారు. నీలం మేనమామ, నలుపు పెద్దన్నయ్య, అందరి పెదాలూ కదులుతున్నాయి. మాస్టారు గుమ్మందాకా వచ్చి నన్ను చూసి, “ఆకుపచ్చ గుర్తుందా? పుస్తకం దాటి ఒక్క మాట కూడా వద్దు. నీకిదే ఆఖరిది” అన్నారు. పాపం, ఆయన నిజంగానే నా మంచి కోరారు. అందుకే లోపలికి వెళ్తూ ఆకుపచ్చ సైకిలు ఒకసారి మనసులో అప్పజెప్పుకున్నాను.

లోపల అదే బల్ల, అదే సన్న కళ్లద్దాలు. ముందు చిన్న ప్రశ్నలు. రోజూ పనికి ఎలా వెళ్తారు?

“నేను పనికి వెళ్లను సార్. నా పనే వెళ్తుంది, దాంతోపాటు నేనూ వెళ్తాను. నేను బస్సు డ్రైవర్ని” అన్నాను ఇంగ్లీషులో.

ఆయన తలెత్తి చూశాడు. ఫరవాలేదు అనుకున్నాను. ఆ తర్వాత కార్డు ఇచ్చాడు. ఈ సీజనంతా ఆ ప్రశ్నలే తిరుగుతున్నాయని మాస్టారు చెప్తూనే ఉన్నారు. ‘ఒక సైకిలు గురించి మాట్లాడండి.’

ఆలోచించుకోవడానికి ఒక నిమిషం. నా బుర్రలో ఒక్క మాట లేదు. సందు లేదు, గోడ లేదు, పాల క్యాన్లు లేవు. పెట్టెలో ఎర్రలైటు వెలిగింది. నోరు తెరిచాను. బయటికి ఏం వచ్చిందో తెలుసా?

“నా పదో పుట్టినరోజున మా తాతయ్య నాకు ఎర్ర...”

ఆకుపచ్చ మేనత్త కూడా కాదు! మళ్లీ ఆ తాతయ్యే! ఆయన కలం నెమ్మదిగా బల్లమీదకి దిగుతోంది. నేను తల వంచుకున్నాను. నా చేతులు కనిపించాయి. రెండూ ఒళ్లో చచ్చిపడి ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. నా మీదే. ఆ కోపం నన్ను నిజంగా ఆదుకుంది.

“క్షమించండి సార్, ఆ తాతయ్య నావాడు కాదు. మా మాస్టారి తాతయ్య” అన్నాను. “నాకు ఎవరూ సైకిలు ఇవ్వలేదు. మూడువారాల కిందటిదాకా నాకు సైకిలు రాదు. నేను సైకిలు షాపు కోడల్ని సార్, పదకొండేళ్లు వచ్చని అబద్ధం చెప్పాను.”

కలం ఆగిపోయింది. ఆయన భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు!

ఇంక నన్నెవరు ఆపుతారు? గోడ గురించి చెప్పాను, ఎటు చూస్తే చక్రం అటే వెళ్తుందని చెప్పాను. హ్యాండిలు పట్టుకుని చూపించాను. పాల క్యాన్ల దగ్గర లేచి నిలబడ్డాను, పెట్టె పక్కనున్న నీళ్ల గ్లాసు నా చెయ్యి తగిలి దొర్లింది. ఆయన తన కాగితాలు ఎత్తిపట్టుకుని, కానివ్వండి అన్నట్టు తలూపాడు. మాట దొరకనిచోట ‘ఆ ఇనుపది, కాళ్లతో తిప్పేది’ అని చేతులతో తిప్పి చూపించి ముందుకి వెళ్లిపోయాను. పెట్టెలో గంట మోగింది. రెండు నిమిషాలు అయిపోయాయి. నేను ఇంకా పదకొండోరోజులోనే ఉన్నాను.

ఆయన కార్డు పక్కన పెట్టేశాడు. “మీకు నేర్పింది ఎవరు?” అన్నాడు.

ఆ ప్రశ్న మాస్టారి పుస్తకంలో లేదు. ఎవరి పుస్తకంలోనూ లేదు. నేను జవాబు చెప్పాను.

వారం తర్వాత మధ్యాహ్నం ఫోనుకి ఫలితం వచ్చింది. నేను షాపులోనే ఉన్నాను, చైనుకి నూనె పెడుతూ. మసి వేళ్లకి ఫోను తెరుచుకోదు, మోచేత్తో నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది, చివరికి బయట గాలి కొట్టుకుంటున్న ఒకావిడ ఫోను లాక్కుని చూసింది.

“ఆరున్నర” అంది. “ఆరున్నర అంటే మంచిదేనా అమ్మా?”

నేను పెట్టిన కేకకి ఆవిడ గాలిపంపు వదిలేసింది. ఆరు కాదు, ఆరున్నర! తెల్లబస్సు నాది! అత్తయ్యని పీట మీదనించి లేపి గిర్రున తిప్పేశాను, ఆవిడ “వదలవే, తొట్టి, తొట్టి!” అంటూనే ఉంది, తొట్టి మళ్లీ బోర్లాపడింది. మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చాను. ఫెయిలయ్యాననుకుని ఆయన ఓదార్చడం మొదలుపెట్టాడు.

కాస్త సద్దుమణిగాక అత్తయ్య పీట సరిచేసుకుని కూర్చుంది. “సరే. అక్కడేం చెప్పావో నాకూ చెప్పు.”

“తెలుగులో చెప్పనా?”

“అక్కడ ఎలా చెప్పావో అలాగే.”

చెప్పాను. తాతయ్యతో సహా. అత్తయ్య కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. గోడ, క్యాన్లు, మలుపు, నా చేతులు గాల్లో ఎగురుతూనే ఉన్నాయి. మీకు నేర్పింది ఎవరన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నూనె, మసి, గరుకు.

“ఆవిడకి నా అబద్ధం పదకొండేళ్లుగా తెలుసు” అన్నాను ఇంగ్లీషులో. “ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పేదాకా ఆగింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది సార్. నాకు సైకిలు తొక్కడం నేర్పింది మా అమ్మే అని చెప్పాలనుంది. అది అబద్ధమవుతుందా?”

ఒక్క మాట కూడా ఆవిడకి అర్థమై ఉండదు.

“ఈ చివరిది చెప్పినప్పుడు నా చేతులు కదల్లేదు కదా” అన్నాను తెలుగులో. “ఇది అబద్ధమంటారా?”

“నా చెయ్యి వదిలితే కదా నీ చేతులు కదిలేది” అంది.

నేను వదల్లేదు. బయట ఎవరో సైకిలు ఆపి బెల్లు కొడుతూనే ఉన్నారు.